వెనకనుంచి పిలిచే గొంతు

మెడ మీద గీసిన గీత ఇంకా ఆరినట్టు లేదు. పొద్దున్నే డాక్టరు వచ్చి, గడ్డం పైకెత్తమని, ఊదారంగు పెన్నుతో ఈ చెవి కిందినుంచి ఆ చెవి కిందిదాకా ఒక గీత లాగి, "ఇంతేనండీ, దీని వెంబడే వెళ్తాం" అని చెప్పి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మంచం మీదున్న ఆయన అద్దం అడగలేదు. గీత ఎక్కడుందో చర్మానికి తెలుస్తూనే ఉంది, ఒకప్పుడు గోల్‌కీపరు మడమలకి తెలిసినట్టు. రెండు గోలు స్తంభాల మధ్య సున్నపు గీత. వంగి చూడకుండా, వెనక్కి తిరగకుండా, దానికి జానెడు ముందున్నాడో బెత్తెడు వెనకున్నాడో చెప్పగలిగేవాడు. బతుకంతా గీత మీద నిలబడి అన్నం తిన్నవాడికి చివరికి గీతే వచ్చి పీక మీద కూర్చుంది. ఈ మాట నిన్న తోచింది, చెబితే నవ్వేవాళ్లే, చెప్పేలోపు దగ్గు వచ్చింది. ఇప్పుడు మింగితే గీత కింద ఏదో కదులుతోంది. అది నా గొంతు. ఇంకాసేపు నాదే. తర్వాత దాన్ని ఒక పళ్లెంలో పెడతారు, ఆ పళ్లెం ఎవరో పట్టుకెళ్తారు, ఎక్కడికి పట్టుకెళ్తారు? వద్దు, అటు పోకు, కిటికీ చూడు. కిటికీకి చువ్వలు, చువ్వ మీద ఎవరో మర్చిపోయిన తువ్వాలు, తువ్వాలు అంచున విడిపోయిన దారం. వరండాలో చక్రాల చప్పుడు. దగ్గరికి వస్తోంది. ఒక చక్రం కీచుమంటోంది. ఆయన తల దిండు మీదినుంచి లేచింది. కార్నర్ కొట్టేవాడు బంతిని నేల మీద సర్దుకుంటుంటే ఇలాగే అయ్యేది, వాడు నింపాదిగా సర్దుకునేవాడు, ఈయన మాత్రం ముందే మడమలెత్తి నిలబడేవాడు. చప్పుడు గుమ్మందాకా వచ్చి, ఆగకుండా, పక్క గదివైపు పోయింది.

"మనది కాదు. అది టిఫిన్ బండి," అంది ఆవిడ పక్కనుంచి. "మనదాని చక్రం అరవదు. నిన్న మూలగది ఆయన్ని తీసుకెళ్లినప్పుడు విన్నాను. మెత్తగా పోయింది."

ఆవిడ, ఆయన భార్య, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, మొహం కిటికీవైపు పెట్టుకుంది. చూడటానికి కాదు, ఎండ తగులుతోందని. మొదట్లో చూపు తగ్గినప్పుడు, "చీకటి కాదండీ, పాలు కలిపిన నీళ్లలోంచి చూస్తున్నట్టుంది" అనేది. ఏటేటా పాలు చిక్కబడ్డాయి. ఇప్పుడు పాలే. చేతికర్ర కొనిస్తే దాన్ని బీరువా పక్కన నిలబెట్టి, దానికి దుమ్ము దులపడం ఒక పనిగా పెట్టుకుంది. చెయ్యి పట్టుకుని నడిపించబోతే విదిలించుకుంది. "నన్ను సంచీలా మోసుకెళ్లకండి. వెనకాల నడవండి, ముందేముందో చెప్పండి. అదేగా మీ ఉద్యోగం." నిజమే, అదే ఆయన ఉద్యోగం. బంతి పట్టుకోవడం ఉద్యోగమని జనం అనుకుంటారు. ఆట మొత్తంలో చేతికి బంతి వచ్చేది కాసేపే. మిగతా పొద్దంతా ముందున్న పదిమందికీ వీపుల వెనకనుంచి చెబుతూ ఉండటమే, నీ ఎడమ, నీ వెనక మనిషి, వదిలెయ్, ఎవరూ లేరు, టైముంది. వాళ్లకి వెనక కళ్లు లేవు. ఆ కళ్లు ఆయన గొంతులో ఉండేవి. అలా ఇంట్లోనూ, బజార్లోనూ, ఆవిడ ముందు, నాలుగడుగుల వెనక ఆయన. "మెట్టు." "గుంట, కుడికి జరుగు." "ఎవరూ లేరు, టైముంది." ఒకసారి కూరగాయల కొట్టు మనిషి చూసి చూసి, "ఏం మొగుడమ్మా, అడుగడుక్కీ ఆర్డర్లేనా?" అంటే, ఆవిడ వంకాయలు చేత్తో తడిమి ఏరుకుంటూనే, "ఏం చేస్తాం, పదిమందిని ఏడిపించిన నోరు. ఇప్పుడు నేనొక్కదాన్నే దొరికాను," అంది.

ఆ నోరే ఈపూట పోతోంది. ప్రాణం గురించి కాదు భయం, దాని సంగతి డాక్టర్లు చూసుకుంటారు, లేకపోతే లేదు. భయం ఎప్పుడూ ఒకేలా వస్తోంది, కళ్లు మూసినా తెరిచినా. వచ్చే నెల. వంటింటి తలుపు సగం తెరిచి ఉంటుంది, దాని అంచు సరిగ్గా నుదుటి ఎత్తున ఉంటుంది, ఆవిడ చేతిలో గిన్నెతో గబగబా వస్తూంటుంది, ఆయన ఇక్కడ కుర్చీలో ఉంటాడు, చూస్తాడు, నోరు తెరుస్తాడు. మెడకి పెట్టిన రంధ్రంలోంచి గాలి పోతుంది, అంతే. గిన్నె కింద పడ్డ చప్పుడు. మళ్లీ మొదట్నుంచి. ఈసారి తలుపు కాదు, మేడమెట్లు. ఈసారి తడిసిన బాత్రూము గచ్చు. ఈసారి దారిలో పడుకున్న కుక్క. ఎన్నిసార్లు నోరు తెరిచినా గాలే. తర్వాత యంత్రమొకటి మెడకి ఆనించి మాట్లాడొచ్చన్నాడు డాక్టరు, నేర్చుకోవడానికి నెలలు పట్టొచ్చు, మీ గొంతులా ఉండదు, పాడైన రేడియోలా ఉంటుంది, చాలామందికి అలవాటవుతుంది అన్నాడు. ఆ నెలల్లో ఎన్ని తలుపులు, ఎన్ని మెట్లు. పైగా పాడైన రేడియో "ఆగు" అంటే ఎవరాగుతారు.

ఆగు అనే మాట. దాని దగ్గరికే వెళ్లి నిలబడుతుంది మనసు, ఎటు తిప్పినా. అప్పటికి గొంతు బొంగురుపోయి కొన్నాళ్లయింది, జలుబు అనుకున్నారు, మిరియాల కషాయం తాగారు. బ్యాంకు ముందు రోడ్డు దాటాలి. ఆవిడ అంచున నిలబడింది, ఆయన మామూలుగానే వెనక. రెండువైపులా చూశాడు. "వెళ్లు," అన్నాడు. ఆవిడ అడుగు వేసింది, ఎప్పటిలాగే, ఏ అనుమానమూ లేకుండా. ఆగి ఉన్న లారీ వెనకనుంచి మోటారుసైకిలు వచ్చింది. "ఆగు" అన్నాడు. అనలేదు. నోరు తెరిచాడు, గొంతులో ఇసుక రాలినట్టు ఏదో రాలింది. ఆవిడ ఇంకో అడుగు వేసింది. మోటారుసైకిలు అద్దం ఆవిడ మోచేతికి కొట్టుకుని, నడిపేవాడు తూలి, నిలదొక్కుకుని, బూతులు తిట్టుకుంటూ పోయాడు. అంతే జరిగింది. మోచెయ్యి కమిలింది, అంతే. కానీ ఆ తర్వాత, ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి, మొదటిసారిగా చెయ్యి వెనక్కి చాచింది. వేళ్లు విప్పి గాలిలో వెతికింది. ఆయన అక్కడ లేడు. ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాడు, నాలుగడుగుల వెనక. చేతులున్న మనిషి, ఆ చేతుల మీదే పేరు తెచ్చుకున్న మనిషి, ఒక్క అంగ వేసి భుజం పట్టి లాగొచ్చు కదా. తోచలేదు. పిలవడమే తోచింది. ఇంటికొచ్చాక ఆవిడ మోచేతికి మందు రాసుకుంటూ, "ఆగమని చెప్పలేదేమండీ?" అని మామూలుగా అడిగింది. ఆ ప్రశ్నే వాళ్లని ఆస్పత్రికి నడిపించింది, అక్కడినుంచి రేడియేషన్‌కి, రేడియేషన్ అయ్యాక మళ్లీ మొలిచిన పుండుకి, అక్కడినుంచి ఈ ఊదారంగు గీతకి.

గీత దాటకపోవడం ఆయన పేరులోనే ఉండేది. గీత మీద నిలబడితే ఎంతటి దెబ్బనైనా ఆపేవాడు, పత్రికలవాళ్లు మంచుగడ్డ అని రాసేవారు, నదురూ బెదురూ లేదని రాసేవారు. కానీ గాల్లో పక్కనుంచి బంతి వస్తే, గుంపులోకి ఉరికి అందుకోవాలంటే, కాళ్లకి వేర్లు పుట్టి నేలలోకి దిగేవి. గోలు వెనకున్న జనం అది కనిపెట్టేశారు. "ఒరేయ్, కొత్తకోడలురా! గడప దాటదు!" "అమ్మా, పాలు పొంగుతున్నాయి, బయటికి రా తల్లీ!" ప్రతి ఊళ్లోనూ అదే పాట. గోలుకి ముందు కాపు కాసే స్టాపర్ బ్యాక్ దూలం, ఆరడుగుల పైన ఉండేవాడని జట్టులో ఆ పేరు, భుజం మీద చరిచి, "పర్లేదురా కోడలా, బయటిపనులు నేను చూసుకుంటా. నువ్వు ఇంట్లో దీపం ఆరిపోకుండా చూడు చాలు," అనేవాడు. కోచ్ మాత్రం నవ్వేవాడు కాదు. పొట్టి మనిషి, ముక్కుతో మాట్లాడేవాడు. సాయంత్రాలు ఖాళీ స్టేడియంలో ఆయన్ని గోలులో నిలబెట్టి, తను అవతలి గోలు దగ్గర నిలబడి పిలిపించేవాడు. మళ్లీ. మళ్లీ పిలువు. వణుకుతోంది, మళ్లీ. "భయపడు. ఎంత కావాలంటే అంత భయపడు. కడుపులో పెట్టుకో, మోకాళ్లలో పెట్టుకో. గొంతులోకి మాత్రం రానీకు. నీ గొంతు వణికితే ముందున్న పదిమందికీ కాళ్లు వణుకుతాయి." అలా నేర్చుకున్నాడు. మొదటి మ్యాచ్‌నుంచి చివరి మ్యాచ్‌దాకా, మైదానంలోకి దిగేముందు బాత్రూముల వెనక గోడపక్కన వాంతి చేసుకునేవాడు, నోరు కడుక్కుని, చేతి తొడుగులు వేసుకుని, బయటికొచ్చేవాడు. గొంతు మాత్రం వణుకు లేకుండా, నున్నటి పలకలా ఉండేది. అది తన రహస్యం. ఒక మనిషికి గొప్పగా చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలి, ఆయనకి అది ఉండేది, ఎవరికీ చెప్పుకోలేనిది.

కోచ్ ఇంకోటి కూడా చెప్పాడు. "వస్తే పూర్తిగా రా. రాకపోతే అక్కడే చావు. పిలిచి సగంలో ఆగావంటే ఎవడో ఒకడు దెబ్బ తింటాడు." ఒక రాత్రి మ్యాచ్‌లో, చినుకులు పడుతున్నాయి. కుడివైపునుంచి బంతి లేచింది, దీపాల వెలుగులోకి వెళ్లి మళ్లీ దిగుతోంది, ఆ రోజెందుకో అది నిజంగా తనదే అనిపించింది. "నాదీ!" అని అరిచాడు. దూలం విన్నాడు, వదిలేసి పక్కకి తప్పుకున్నాడు. తను రెండంగలు వేశాడు. ఎదురుగా వస్తున్న మనుషుల మోకాళ్లూ మోచేతులూ కనిపించాయి. ఆగిపోయాడు. బంతి ఎవరిదీ కాకుండా గాల్లో ఉండిపోయింది, దూలం అది చూసి వెనక్కి తిరిగాడు, అవతలి ఆటగాడి బరువంతా అతని మోకాలి మీద పడింది. తడిబట్ట చింపిన చప్పుడు. తెల్లబడిపోయిన మొహంతో నేల మీదినుంచి దూలం, "పిలిచావు కదరా," అన్నాడు. తిట్టాడా, అడిగాడా, నొప్పిలో ఏదో ఒకటి అన్నాడా, ఇన్నేళ్లయినా తేలలేదు. తర్వాత దూలం ఆడలేదు. స్నేహం మాత్రం పోలేదు, అతను పోనివ్వలేదు. నిన్న సాయంత్రం పళ్లు పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఇన్నాళ్లూ వెనకనుంచి నన్ను నోటికొచ్చినట్టు తిట్టావు. రేపట్నుంచి నా వంతురా కోడలా. తిరిగి ఒక్క మాట అనలేవు, చూసుకో." అందరూ నవ్వారు. నవ్వుతూనే మంచినీళ్లు తాగొస్తానని బయటికెళ్లాడు. ఆ ఎగుడుదిగుడు అడుగుల చప్పుడు గుమ్మం అవతలే ఆగిపోయింది, చాలాసేపు ముందుకి పోలేదు. ఆవిడ కమలాపండు ఒలుస్తూ కూర్చుంది, తొనల మీద పీచు కూడా తీసేసింది, ఎవరూ తినలేదు.

తలుపు తోసుకుని నర్సు వచ్చింది, వెనకే కూతురు, భుజానికి సంచీ, చేతిలో కాగితాలు. "ఏం పెద్దాయనా, నిద్ర పట్టిందా?" అంటూనే నర్సు సూది పైకెత్తి గాలి బుడగ తీసింది. "మంచి ఆటగాడంట కదా మీరు, సూదికి భయపడకూడదు మరి." కూతురు సంచీలో ఏదో కాగితం కోసం వెతుకుతోంది. "ఆగు!" అని గదిలో ఎవరో గట్టిగా అరిచారు. నర్సు చెయ్యి గాల్లో ఆగిపోయింది. "అయ్యో, ఏమైందండీ?" ఆయన నోరు కదపనే లేదు. కూతురు గాభరాగా సంచీలోంచి ఫోను లాగింది, అది మళ్లీ, "ఆగు! మెట్టు! ఎడమ!" అంది. "సారీ సిస్టర్, మా నాన్నే. ఫోన్లో ఉన్నాడు." "బాగుందమ్మా, ఫోన్లో ఉన్నాయన సూది వద్దంటున్నాడు, మంచమ్మీదాయన ఏమంటాడో అడుగు," అని నర్సు పకపకా నవ్వి, ఒక పోటు పొడిచి, దూది అద్ది, "ఇంకాసేపట్లో బండొస్తుంది," అని వెళ్లిపోయింది.

కూతురూ నవ్వింది. ఆయనకీ నవ్వొచ్చేదే, ఆవిడ కాళ్లవైపు చూడకపోతే. నర్సు వచ్చిందని లేవబోయినట్టుంది ఆవిడ, ఒక పాదం ముందుకు పెట్టి, మడమ నేలకి ఆనకుండా, అలాగే బిగుసుకుపోయి ఉంది. ఆ పాదం ఇంకా దిగలేదు. ఎటునుంచి ఏమొస్తోందో తెలీక, ఫోను చెప్పినమాట విని, అలాగే ఆగిపోయింది. ఆ మాటలు కూతురి ఆలోచనే, పోయిన వారం సోఫాలో కూర్చోబెట్టి ఒక్కోటీ చెప్పించి, గొంతు బాగున్నవి ఏరి దాచింది. అమ్మకి అవసరమైనప్పుడు నొక్కితే చాలు నాన్నా, నువ్వే నొక్కొచ్చు. మంచి ఆలోచన అనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు ఆ పాదం చూస్తుంటే వెన్నులో పురుగు పాకినట్టుంది. చూడకుండా పిలిచే గొంతు. ఎదర లారీ ఉందో లేదో తెలీకుండా వెళ్లు అనే గొంతు. ఏ సంచీలోనో, ఏ పరుపు కిందో, ఎవరి చెయ్యో తగిలి, రోడ్డు మధ్యలో ఆగు అంటే ఆవిడ ఆగుతుంది. వంద లారీలొచ్చినా ఆగుతుంది. తను చచ్చిపోయాక కూడా ఆగుతుంది.

"తీసెయ్," అన్నాడు. గాలీ మాటా సగం సగం.

"ఏంటి నాన్నా?"

"ఆ మాటలు. తీసెయ్."

"అంత కష్టపడి చెప్పావు కదా నాన్నా. రోజంతా కూర్చున్నాం. అమ్మా, నువ్వైనా చెప్పు."

"తీసెయ్యవే," అంది ఆవిడ. అప్పుడు దించింది పాదం.

కూతురు ఫోను వైపు చూస్తూ నిలబడింది. పెదవి కొరుక్కుంది, చిన్నప్పుడు లెక్క తప్పితే కొరుక్కున్నట్టు. "ఒక్కటి ఉంచుకోనా? నా పేరు పెట్టి పిలిచింది ఉంది, రికార్డవుతోందా అని చూడ్డానికి అన్నావు చూడు, అది. అమ్మకి వినిపించను. ఒట్టు." ఆయన తలూపాడు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే నొక్కుతూ, చెరిపేస్తూ, కాగితాల కోసమని కిందికి వెళ్లిపోయింది. ఇంక గొంతు తన దగ్గరే ఉంది, ఆ ఒక్క పిలుపు తప్ప అంతా, ఈ గీత కింద.

లేచి వెళ్లిపోతే? చొక్కా మేకుకి వేలాడుతోంది. వీపున ముడేసిన ఈ ఆకుపచ్చ గౌను విప్పి అది తొడుక్కుంటే చాలు. కోత లేకపోతే ఊపిరి దారి మూసుకుపోతుందన్నాడు డాక్టరు, ఎన్నాళ్లని చెప్పలేను, ఎక్కువ కాదన్నాడు. ఎక్కువ కాకపోయినా, అన్నాళ్లూ పిలవొచ్చు కదా. మెట్టు అనొచ్చు. ఆగు అనొచ్చు. అంటావా? ఆ రోజు అన్నావా? గొంతుండగానే అనలేకపోయావు. అన్నాళ్లు అయ్యాక? అప్పుడు ఆవిడ వెనక ఎవరూ లేని రోడ్డు మీద ఉంటుంది. కోయించుకుంటే మూగగా ఉంటావు, కానీ ఉంటావు. ఉండి? కుర్చీలో కూర్చుని నోరు తెరిచి చూస్తావు. తలుపంచు, గిన్నె, చప్పుడు. ఆయన కాళ్లు కిందికి దించాడు. గచ్చు చల్లగా తగిలింది. అటూ కాదు ఇటూ కాదు. బంతి గాల్లో ఉంది, మోకాళ్లూ మోచేతులూ వస్తున్నాయి, రెండంగలు వేసి ఆగిపోయాడు మళ్లీ.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

"బాత్రూముకి."

"కాదు. మీకు భయంగా ఉంది."

"అదేం లేదు," అన్నాడు. పలకలా అన్నాననుకున్నాడు.

ఆవిడ నవ్వింది, చప్పుడు లేకుండా. "నా దగ్గరా? టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి ఫోన్లు తగిలించుకుని కూర్చున్నదాన్ని నేను. మ్యాచ్ అయ్యాక మీ అమ్మగారికి ట్రంక్ కాల్ కలపమనేవారు మీరు, గుర్తుందా? గెలిచామమ్మా అనేవారు. గెలిచామని చెబుతూ కూడా వణికేవారు. లైను పాడవలేదు కదా అని చూసుకునేదాన్ని. ఈ మనిషెవరో చూద్దామని ఒకరోజు మ్యాచ్‌కొచ్చి గోలు వెనకాలే కూర్చున్నాను. మీరు అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత భయపడేవాడు అక్కడెందుకు నిలబడ్డాడా అని."

"ఎవరికీ... తెలీదనుకున్నా."

"అందరికీ తెలుసు. దూలం అన్నయ్యకి తెలుసు, నిన్న వెళ్తూ కూడా అదే అన్నాడు వరండాలో. వాంతి సంగతీ తెలుసంట, వెనకాల కాపలా కాసేవాడంట, ఎవరూ అటు రాకుండా."

బాత్రూముల వెనక గోడ. అక్కడికి ఎప్పుడూ ఎవరూ రాలేదు, ఇన్నేళ్లలో ఒక్కడు కూడా రాలేదు, తన అదృష్టం అనుకున్నాడు. గోడకి అవతల ఆ పొడుగాటి మనిషి, చేతులు కట్టుకుని, ఏ సిగరెట్టో కాలుస్తున్నట్టు. ఏదో అడగాలి, గొంతులో చాలా తక్కువ ఉంది, ఏరుకుని అడగాలి.

"మరి ఆ పదిమంది కాళ్లు... వణకలేదా?"

"ఏమో. నా సంగతి నేను చెప్తాను. భయం లేనివాడు వెనకనుంచి 'ఎవరూ లేరు, వెళ్లు' అంటే నేను అడుగు వేసేదాన్ని కాదండీ. వాడు సరిగ్గా చూసి ఉండడు."

"రేపట్నుంచి?" అన్నాడు. అదొక్కటే అడగాలనుకున్నది, నెలరోజులుగా.

ఆవిడ మొహం కిటికీవైపునుంచి ఇటు తిప్పింది, కళ్లు ఆయన భుజం పక్కన ఎక్కడో నిలిచాయి, చెయ్యి లేచింది. వేళ్లు విప్పి, గాల్లో, కొంచెం ఎత్తుగా, కొంచెం పక్కగా, ఆ రోజు రోడ్డు మీద వెతికినట్టే వెతికింది. ఆయన లేచాడు. సూది మందుకి గది ఒకవైపు ఒరిగింది. మంచానికీ కుర్చీకీ మధ్య ఉన్నది ఎంత, ఒక్క అంగ, కానీ మధ్యలో ఆగిపోవడానికి అది సరిపోతుంది, ఆయనకి తెలుసు. ఆగలేదు. వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కున్నవే, వాటిని ఆవిడ ఒక్కొక్కటే తడిమింది. చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. ఎవరిదో తెలీలేదు.

చక్రాల చప్పుడు వినిపించనే లేదు, మెత్తగా వచ్చి గుమ్మంలో ఆగింది. బండి తోసే మనిషి నోట్లో ఏదో నములుతూ, "రండి రండి, మీదే నంబరు," అన్నాడు. పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పక్కన కటకటా ఇనప కమ్మీలు పైకి లాగాడు. "అమ్మా, మీరు ఇక్కడే ఉండండి. కళ్లు కనపడవు కదా, ఎక్కడ పడతారో ఏంటో." "బండికి కనపడుతుంది కదయ్యా, నేను దాన్ని పట్టుకుంటాను," అంది ఆవిడ. కమ్మీ వెంబడి తడుముకుంటూ తలవైపుకి వచ్చి నిలబడింది. కదిలారు. వెల్లకిలా పడుకున్నవాడికి కప్పు తప్ప ఏం కనపడుతుంది. దీపం పోయింది, ఇంకో దీపం వచ్చింది, పోయింది. ముందేముందో తెలీదు. కాళ్లవైపు లోకమంతా దూసుకొస్తున్నట్టుంది, ఆపడానికి చేతులు దుప్పటి కింద ఉన్నాయి. ఎదురుగా ఎవరో తగులుతారు, గోడ తగులుతుంది, ఇప్పుడు, ఇప్పుడు. అప్పుడు వెనకనుంచి, తలకి కాస్త పైనుంచి, గొంతు వినిపించింది. "కుడికి తిరుగుతున్నాం." బండి కుడికి తిరిగింది. "గడప వస్తోంది. చిన్న కుదుపు." కుదుపు వచ్చింది, చిన్నదే. "లిఫ్టు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరో ఆడమనిషి, పక్కకి జరిగింది. అడ్డం ఎవరూ లేరిప్పుడు." ఎలా తెలుస్తోంది ఈవిడకి? చెవులతో, గాలితో, చేతిలో ఉన్న కమ్మీతో. బండి తోసే మనిషి నమలడం ఆపి, "మీరు రోజూ రండమ్మా, నాకు సగం పని తప్పుతుంది," అన్నాడు. ఆయన ఆ గొంతునే వింటున్నాడు. పలకలా ఉంది. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకునే చోటు కూడా కొలిచినట్టుంది. ఎంత కష్టపడితే అలా వస్తుందో లోకంలో ఆయనకొక్కడికే తెలుసు.

బండి ఆగింది. రెండు రెక్కల తలుపు, మధ్యలో గుండ్రటి అద్దాలు, గాలిలో స్పిరిట్ వాసన. "ఇక్కడిదాకానే అమ్మా. చెయ్యి తీసెయ్యండి." చెయ్యి వెంటనే రాలేదు. తర్వాత వచ్చింది. తలుపు తెరుచుకుని బండి లోపలికి జారింది. కూతురు ఇంకా కిందే ఉంది. ఆవిడ వరండా మధ్యలో ఒక్కతే నిలబడింది, ముందు తలుపు, వెనక ఏముందో తెలీదు, రెండు చేతులూ ఒంటికి దగ్గరగా పెట్టుకుని. ఆయన మోచెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి తల ఎత్తాడు. "పడుకోండి సార్, పడుకోండి." పడుకోలేదు. దాచుకున్న గొంతు ఏం చెప్పడానికో ఇన్నాళ్లూ అనుకున్నాడు, మంచి మాటలేవో, ఇన్నేళ్లలో అననివి. అవేవీ రాలేదు. "వెనక్కి తిరుగు," అన్నాడు. గొంతు వణికింది. వణకనిచ్చాడు. "గోడకి బల్ల ఉంది. ఎడమ. ఇంకొంచెం. పద. అడ్డం ఏం లేదు. టైముంది." ఆవిడ తిరిగింది. ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. బల్ల ఇంకా దూరంగా ఉంది, పక్కన నీళ్ల బకెట్ ఒకటి ఉంది, ఎవడు పెట్టాడు అక్కడ, ఇప్పుడే చూశాడు, "బకెట్..." అనేలోగా రెక్కలు మూసుకున్నాయి.

గుండ్రటి అద్దంలో తెల్లటి కప్పు తప్ప ఏమీ లేదు. బండి ఆగకుండా పోతోంది. ఎవరో ఏదో అడుగుతున్నారు, పేరు చెప్పండి, ఏం తిన్నారు పొద్దున్న. ఆయన ఊపిరి బిగబట్టి వింటున్నాడు, బకెట్ పడ్డ చప్పుడు కోసం. నీళ్లు. గచ్చు. ఆవిడ నుదురు. చక్రాలు మెత్తగా పోతున్నాయి, ఇంత మెత్తగా ఎందుకు పోతాయి ఇవి. అప్పుడు వెనకనుంచి, తలుపుకి అవతలనుంచి, మైదానానికి ఆ చివరినుంచి ఈ చివరికి వేసినట్టు ఒక కేక వినిపించింది. ఆవిడ అంత గట్టిగా అరవగా ఆయన ఎప్పుడూ వినలేదు.

"బల్ల దొరికిందండీ! కూర్చున్నాను!"

ఆ గొంతు నిండా భయం. ఆయన నమ్మాడు. తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తాడు.